ఇంజనులో నీరు, నీటిలో గాలి

సుమారు ఇరువది యేండ్ల క్రిందట, వేసవిలో, పల్లెపాటలను ధ్వనిముద్రణము చేయుటకై మేము ఒక పాత వ్యానులో నల్లమల కనుమదారి నెక్కుచుంటిమి. డ్రైవరు ప్రక్కన కూర్చుండి, వేరు పని లేక, ఇంజను వేడిని చూపు ముల్లును చూచుచుంటిమి. అది మెల్లమెల్లగా పైకి ప్రాకి, ఎఱ్ఱగీటును సమీపించి, ఒక మలుపు దాటగానే చటుక్కున దిగి చల్లని వైపున నిలిచినది. "ముల్లు దిగింది, గండం గడిచింది" అని మేము సంతోషముతో అంటిమి. డ్రైవరు పెద్దవాడు, అనుభవశాలి. ఆయన ముఖము మాడిపోయినది. బండిని కొండవైపునకు తీసి, ఇంజను ఆపి, "గడవలేదు సార్, ఇప్పుడే పట్టుకుంది. లోపల నీళ్ళు లేవు. ముల్లుకు వేడి తెలియాలంటే దానికి నీళ్ళు తగలాలి గదా" అనెను. క్లీనరు కుఱ్ఱవాడు బకెట్టుతో పరుగెత్తుకొని వచ్చి రేడియేటరు మూతమీద చేయి వేయబోగా, "ఒరే, ముట్టుకోకు! మొహాన కొడుతుంది" అని కేకవేసి, తడిపిన గోనెసంచిని దానిపై కప్పి, గంటసేపు ఎవ్వరిని దగ్గరకు రానీయలేదు.

గంట తరువాత నీరు పోసినను ప్రయోజనము లేకపోయినది. అప్పటికే సిలిండరు హెడ్డు వంకరపోయినది. ఒక లారీ మమ్ములను ఊరికి ఈడ్చుకొని వచ్చినది. ఆ యేడు పాటల ముద్రణము జరుగలేదు. మరుసటి వేసవిలో మేము మరల పోవునప్పటికి, ఆ పాటలలో సగమునకు పైగా తెలిసిన ముసలమ్మ గతించినది.

ఆనాడు ఆ ముల్లు మాతో అబద్ధమెందుకు చెప్పినదను ప్రశ్న మమ్ము చాలకాలము విడువలేదు. సమాధానము వెదకుచు పోగా మోటారు ఇంజను చరిత్రలో నూటముప్పది యేండ్లకు పైబడిన ఒక పోరాటము కనబడినది. పైకి అది వేడితో పోరాటమని తోచును. లోతునకు పోయి చూచినచో నీటిలో చిక్కుకొన్న గాలితోను, ఆవిరితోను జరిగిన పోరాటమని తెలియును.

ఈ సంగతిని మరల తలపునకు తెచ్చినవాడు మా మేనల్లుడు. అతడు జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరమున ఇంజనీరుగా పనిచేయుచున్నాడు. పోర్షె 911 కారు నొకదానిని, వాడినదానిని, కొనినాడు. అది ఆ సంస్థవారు 996 అను సంఖ్యతో వ్యవహరించు తరమునకు చెందినది. దాని ఇంజనులోని కూలెంటును తన ఇంటి గారేజిలో స్వయముగా మార్చబూని, ముందురోజు మమ్ము ఫోనులో పిలిచి, "మామయ్యా, ఇందులో నీళ్ళు మార్చడమంటే సత్యనారాయణ వ్రతమంత తతంగం ఉంది" అని నవ్వెను. ఆ తతంగము ఎట్లు పుట్టినదో చెప్పుటయే ఈ ప్రసంగము. చిత్రమేమనగా, ఆ కథలోని ముఖ్యఘట్టములు పెక్కు అతడుండు నగరమునకు నూఱు మైళ్ళలోపుననే జరిగినవి.

మొదట వేడి సంగతి. పెట్రోలు ఇంజనులో మండు వాయువుల ఉష్ణము 2000 సెంటిగ్రేడు డిగ్రీలను మించును. అల్యూమినియము కరగుటకు 660 డిగ్రీలు చాలును. ఇంజను కరగి కారిపోకుండుటకు కారణము, ఆ మంట లిప్తకాలముండి ఆరిపోవుటయు, సిలిండరు గోడల వెనుక నీరు ఎడతెగక ప్రవహించుటయు. పెట్రోలులోని శక్తిలో స్థూలముగా మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పును. ఇంచుమించు మరియొక మూడవవంతు పొగగొట్టము దారిని పోవును. మిగిలినదానిలో అధికభాగమును నీరు మోసికొనిపోయి బయటిగాలికి అప్పగింపవలెను. కావున కారు బలము పెరిగినకొలది నీటికి పని పెరుగును. పందెపుకారు వంటి కారు కొనినవాడు ఒక పెద్ద కుంపటిని కొనినాడన్నమాట.

కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల మోటారుబండికి 1886 జనవరి 29వ తేదీన పేటెంటు కోరెను. ఆ బండిలో నేటివంటి రేడియేటరు లేదు. సిలిండరు చుట్టును నీరుండెడిది. అది వేడెక్కి, మరిగి, ఆవిరియై పోయెడిది. మరుగుట ఆనాడు లోపము కాదు, ఉపాయమే. ఒక లీటరు నీరు మరుగుచు ఆవిరిగా మారునపుడు తనతో కొనిపోవు వేడి, అదే లీటరును గదిలోని చల్లదనము నుండి మరుగువరకు తెచ్చుటకు పట్టు వేడికి ఆరురెట్లకు పైగా నుండును. ఆ మహోపకారమునకు మూల్యము నీరే. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఆ బండిపై మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరెను. నూఱు కిలోమీటర్లు దాటిన ఆ ప్రయాణములో ఆమె వీస్లోక్ పట్టణములోని మందులకొట్టులో ఇంధనము కొనెననియు, మూసికొనిపోయిన ఇంధనపు గొట్టమును టోపీ సూదితో పొడిచి బాగుచేసెననియు అందఱును చెప్పుదురు. దారిపొడుగున ఆమె ఎన్నిమారులు నీరు పోయవలసివచ్చెనో అంతగా ఎవ్వరును చెప్పరు. మాకు మాత్రము ఆ యాత్రలో అదియే ప్రధానముగా తోచినది. తొలి మోటారు ప్రయాణము ఒక బావి నుండి మరియొక బావికి జరిగిన ప్రయాణము.

నీటిని పోగొట్టుకొనక, దానినే చల్లార్చి మరల మరల వాడుకొను పద్ధతిని పరిపూర్ణతకు తెచ్చినవాడు విల్‌హెల్మ్ మైబాహ్. ఆయన పనిచేసినది డైమ్లర్ కర్మాగారములో, అప్పటికి స్టుట్‌గార్ట్‌లో కలియని కాన్‌స్టాట్ పట్టణమున. ఎమిల్ యెల్లినెక్ అను ధనికవ్యాపారి తన కుమార్తె మెర్సెడెస్ పేరు పెట్టవలెనని షరతు విధించి, 35 అశ్వశక్తుల కొత్త కారును కోరెను. దానికొరకు మైబాహ్ తేనెపట్టును బోలిన రేడియేటరును నిర్మించెను. ప్రక్కకు ఆఱు మిల్లీమీటర్లుండు చతురస్రపు గొట్టములు 8,070, ఒకదానిప్రక్క నొకటి పేర్చి, టంకముతో అతికింపబడినవి. గొట్టములగుండా గాలి పోవును. గొట్టముల నడిమి సందులలో నీరు దిగును. వెనుక ఒక ఫంకా గాలిని లాగును. ఆ బలమైన ఇంజనుకు తొమ్మిది లీటర్ల నీరు చాలెను. 1901 మార్చిలో నీస్ నగరపు పందెములలో ఆ కారు తక్కినవానిని వెనుకవేసినది. గెలిచినది ఇంజనని లోకము తలంచినది. ఇంజను తన పూర్తిబలముతో చాలసేపు నడువగలుగుటకు రేడియేటరు కారణమని తెలిసినవారు తెలిసికొనిరి. కారు ముఖమున ఆ జాలిని పెట్టుట నాటినుండి ఆచారమైనది. నేటి విద్యుత్కారులలో సయితము, లోపల అంత పెద్ద రేడియేటరు అక్కరలేకున్నను, ఆ ముఖము పోలేదు.

అయితే నీరు చక్రభ్రమణము చేయవలెనన్నచో దానిని త్రోయువారెవరు? ఫోర్డు సంస్థవారు 1908లో తెచ్చిన మోడల్ టి కార్లలో తొలి రెండువేల అయిదువందలకు మాత్రము పంపు ఉండెను. పిదప దానిని తీసివేసిరి. వేడినీరు తేలికయై పైకి లేచును, చల్లనినీరు బరువై దిగును. ఆ బలము చాలునని వారి యభిప్రాయము. పొయ్యిమీది ఎసరులో బియ్యపుగింజ అడుగునుండి లేచి, అంచువెంట దిగుటను చూచిన గృహిణికి ఈ శాస్త్రమును వేరుగా బోధింపనక్కరలేదు. పంపు లేదు గనుక చెడుటకును ఏమియు లేదు. కాని ఒక చిక్కు కలదు. రేడియేటరులో నీటిమట్టము పై గొట్టము నోటికంటె కొంచెము దిగినదా, గొలుసు తెగినట్లు ప్రవాహము నిలిచిపోవును. లోపల ఇంకను కావలసినంత నీరుండును; అది కదలదు. గొట్టము పెట్టి నోటితో పీల్చి డబ్బాలోనికి పెట్రోలు దింపువారికి ఈ సంగతి బాగుగా తెలియును. నడుమ గాలి చొరబడెనా, ధార తెగిపోవును.

పంపు పెట్టినంతమాత్రమున గాలి బాధ తొలగదు. కారులోని నీటిపంపు, మన రైతులు బావిగట్టున పెట్టుకొను పంపు ఒకే జాతివి. రెండింటిలోను రెక్కల చక్రము నీటిని గిరగిర త్రిప్పి వెలుపలికి విసరును. నీరు బరువైనది గనుక విసరబడును. గాలి తేలిక గనుక రెక్కలనడుమ ఊరక తిరుగుచుండును. అందుచేతనే రైతు మోటారు వేయుటకు ముందు గొట్టమునిండ నీరు పోయును. అడుగున ఫుట్ వాల్వు కారుచున్నచో ప్రతిదినము పోయును. పోయక మోటారు వేసినవాడు, చప్పుడు వినుచు, నీరు రాని గొట్టమును చూచుచు నిలువవలసినదే. కారు మెకానిక్కులు "ఎయిరు పట్టింది" అనునదియు, రైతు "పంపు నీరందుకోలేదు" అనునదియు ఒకే జబ్బునకు రెండు పేర్లు.

ఇంకొక కారణము కూడ కలదు. నిశ్చలముగా నున్న నీటిలో వేడి ప్రాకినంత సులభముగా గాలిలో ప్రాకదు. సుమారు ఇరువదినాలుగవవంతు మాత్రమే ప్రాకును. సిలిండరు హెడ్డులో మంటకు మిక్కిలి దగ్గరనున్న మూలలో గుప్పెడు గాలి నిలిచినచో, అక్కడి లోహమునకు కంబళి కప్పినట్లగును. ఇంజను అంతయు చల్లగనే యుండును. ఆ మూల మాత్రము కాలిపోవును. ఒకచోట సాగి వేరొకచోట సాగని లోహము వంగును. హెడ్డునకు బ్లాకునకు నడుమనున్న గాస్కెట్టు పగులును. అటుపై మంటలోని వాయువు నీటిలోనికి చొచ్చి ఇంకను గాలి నింపును. ఉష్ణోగ్రతను తెలుపు పరికరము ఆ గాలిబుడగలోనే యున్నచో ముల్లు క్రిందికి దిగును. మా వ్యానులో జరిగినది సరిగా ఇదియే. పరికరము అబద్ధమాడలేదు, తనకు తగిలిన ఆవిరి వేడిని, గాలి వేడిని అది నిజముగనే చెప్పినది. దానిని నీటి వేడియని అపార్థము చేసికొన్నవారము మేము.

చలిదేశములలో మరియొక శత్రువు కాచుకొని యుండెను. నీరు గడ్డకట్టునపుడు ఇంచుమించు తొమ్మిది వంతులు నూటికి పెరుగును. ఇనుప ఇంజనునైనను చీల్చును. మొదట నీటిలో సారాయము కలిపిరి. అది వేడికి ముందుగా ఆవిరియై పోయెడిది. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ 1856లో తయారుచేసిన ఎథిలీను గ్లైకాలు అను చిక్కని ద్రవము, మొదటి ప్రపంచయుద్ధములో ప్రేలుడు పదార్థముల కొరకు వాడబడి, 1927లో ప్రెస్టోన్ అను పేరుతో అమెరికాలో రేడియేటర్లలోనికి వచ్చెను. సగము నీరు, సగము గ్లైకాలు కలిపినచో సుమారు సున్నకు క్రింద 37 డిగ్రీలవరకు గడ్డకట్టదు. సుమారు 107 డిగ్రీలవరకు మరుగదు. గ్లైకాలు నీటికంటె బాగుగా చల్లార్చునను నమ్మకము పెక్కుమందికి కలదు. అది తప్పు. వేడిని మోయుటలో నీటికి మించినది లేదు. గ్లైకాలు కలిపినకొలది ఆ గుణము తగ్గును. పందెపు మైదానములలో అనేకచోట్ల గ్లైకాలును నిషేధించి ఉత్తనీటినే వాడించుదురు. అయితే దానికి హేతువు చల్లదనము కాదు. కారిన గ్లైకాలుపై టైర్లు జారుట, దానిని కడుగుట కష్టమగుట హేతువులు.

ఈ ద్రవమును గూర్చి ఒకమాట హెచ్చరికగా చెప్పక తప్పదు. ఇది తియ్యగా నుండును, ప్రాణాంతకమైన విషము. కడుపులోనికి పోయిన పిదప శరీరమే దీనిని ఆక్సాలికామ్లముగా మార్చును. దాని స్ఫటికములు మూత్రపిండములలో నిండును. నేలపై ఒలికిన పళ్ళెములోనిదానిని కుక్కలు, పిల్లలు నాకి చనిపోయిన సందర్భములు కలవు. అమెరికాలో కొన్ని రాష్ట్రములు దీనిలో మిక్కిలి చేదైన పదార్థమును కలుపవలెనని శాసనము చేసినది ఇందువలననే. ఇంట పనిచేయువాడు స్పానరు పట్టుటకు ముందు ఇంటిలోని పసివారెక్కడనున్నారో చూచుకొనవలెను.

ఇక ఒకమారు ఆకాశమునకు పోవలసియున్నది; ఎందుకనగా నేటి కారు మూతలోని విద్య అక్కడ పడిన అవస్థలలో తేటపడినది. 1930 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండులో విమాననిర్మాతలు బెంజ్ పూర్వోపాయమునే మరల పట్టుకొనిరి. నీటిని మరుగనిచ్చి, ఆ ఆవిరిని రెక్కల అంచులలో చల్లార్చి నీరుగా మార్చి మరల ఇంజనుకు పంపినచో, గాలికి అడ్డుతగులు రేడియేటరే అక్కరలేదు గదా యని వారి యూహ. స్పిట్‌ఫైరు విమానశిల్పి ఆర్. జె. మిచెల్ దానికి ముందు నిర్మించిన టైప్ 224 అను విమానము రోల్స్-రాయిస్ గాస్‌హాక్ ఇంజనుతో 1934లో ఎగిరినది. రెక్కలలో చేరిన నీరు మరుగుటకు సిద్ధముగా నుండెడిది. దానిని పంపు పైకి లాగునపుడు ఒత్తిడి తగ్గి, పంపులోనే నీరు గుప్పున ఆవిరియయ్యెడిది. ఆవిరిని పంపు తోడలేదు. పైలటు విమానమును నిట్టనిలువుగా ఎక్కించుచు, హెచ్చరిక దీపములు వెలుగగానే చాలించి, సమతలముగా పోవుచు ఇంజను చల్లారువరకు వేచియుండవలసివచ్చెను. యుద్ధవిమానమునకు అది తగునా? ఆ మార్గము విడువబడినది. స్పిట్‌ఫైరులోని మెర్లిన్ ఇంజనుకు మొదట కేవలము గ్లైకాలును, పిదప ఒత్తిడిలో నుంచిన నీరు గ్లైకాలుల మిశ్రమమును వాడిరి. నీటిని మరుగనీయక, అణచిపెట్టుటయే మేలని తేలినది.

అణచిపెట్టుట యనగా మన వంటింటి ప్రెషర్ కుక్కరే. వాతావరణపు ఒత్తిడికి మరియొక అంత ఒత్తిడి చేర్చినచో నీరు సుమారు 120 డిగ్రీలవరకు మరుగదు. రేడియేటరు మూత ఉత్తమూత కాదు. స్ప్రింగు గల కవాటము, అనగా కుక్కరు మీది వెయిటు. 110 డిగ్రీల వేడిలో నిశ్చలముగా నున్న నీరు, మూత సడలగానే, తనకు 100 డిగ్రీలకే మరుగు స్వేచ్ఛ వచ్చినదని గ్రహించి ఒక్కమారుగా లేచును. "మొహాన కొడుతుంది" అని మా డ్రైవరు పెట్టిన కేకలో ఈ శాస్త్రమంతయు నున్నది. చల్లారిన పిదప నీరు కుంచించుకొనిపోగా బయటిగాలి లోపలికి రాకుండ, నీటిని దాచి తిరిగి ఇచ్చు వేరుట్యాంకు తరువాత వచ్చినది. 1961లో ఫ్రాన్సులో రెనో 4 అను సామాన్యుల కారు ఇట్టి మూసినపద్ధతితో వెలువడెను. గాలి లోపలికి వచ్చు దారి మూసినారు. లోపల ఉన్న గాలి బయటికి పోవు దారి మాత్రము ఎవరో ఒకరు చూపవలెను.

స్టుట్‌గార్ట్‌కు తిరిగి పోవుదము. అక్కడి పోర్షె సంస్థవారు ఈ బాధలన్నిటిని చాలకాలము తప్పించుకొనిరి. 1963లో ప్రదర్శింపబడిన 911 కారు ఇంజను వెనుకభాగమున నుండి గాలిచేతనే చల్లబడెడిది. నీరు లేనిచోట నీటిలో గాలి యను మాటయే లేదు. కాని సిలిండరునకు నాలుగు కవాటములు పెట్టి బలము పెంచవలెనన్న కోరికకు ఉత్తగాలి చాలలేదు. 1978లో 935 పందెపుకారులోను, 1986లో 959లోను సిలిండర్లకు గాలి, హెడ్లకు నీరు అను మధ్యేమార్గము త్రొక్కిరి. పొగ, చప్పుడులపై నియమములు బిగిసినవి. 1996లో బాక్‌స్టర్, 1997లో 996 పూర్తిగా నీటి ఇంజనులతో వచ్చినవి. 1998లో గాలి ఇంజను గల 911 నిలిచిపోయినది. అభిమానులు దుఃఖించిరి, కొందఱు నేటికిని దుఃఖించుచున్నారు. మా యుద్దేశములో వారి దుఃఖము చప్పుడును గూర్చినదే కాని చల్లదనమును గూర్చినది కాదు.

ఇంజను వెనుక, రేడియేటర్లు ముందు. నడుమ కారు పొడుగునను నేలక్రింద సాగు గొట్టములు. మొత్తము పట్టు ద్రవము ఇరువది లీటర్లకు పైమాట. మైబాహ్ తొమ్మిది లీటర్లతో పోల్చి చూడుడు. ఇన్ని వంపులు, ఇన్ని ఎత్తుపల్లములు గల దారిలో పైనుండి ద్రవము పోసినచో గాలి ఎక్కడెక్కడ దాగునో చెప్పజాలము. పెద్ద కార్ఖానాలలో దీనికొక చక్కని యుక్తి కలదు. ఖాళీగొట్టములనుండి మొదట గాలిని తోడివేసి శూన్యము కల్పించుదురు. హోస్ పైపులు నలిగి చప్పబడును. కొంతసేపు ఆ శూన్యము నిలిచినచో ఎక్కడను కారుట లేదని ఋజువు. అప్పుడు కవాటము త్రిప్పగనే కూలెంటు తనంత తాను లోపలికి పీల్చుకొనబడును. గాలి లేనిచోట గాలిబుడగ ఉండదు గదా. ఇంట ఈ పరికరము లేనివాడు పాతపద్ధతినే, ఓపికతో, చేయవలెను.

మా మేనల్లునికి ఆ పరికరము లేదు. ఉదయము ఇంజను చేతికి చల్లగా తగిలిన పిదప అతడు క్రింది ప్లగ్గులు విప్పి పాత కూలెంటును పళ్ళెములలోనికి దింపెను. తరువాత కడుగుట. ఇక్కడ మేము ఒకమాట అడ్డుచెప్పి, కొళాయినీటితో కడుగవద్దంటిమి. మన తెలుగుదేశములో బోరునీటితో స్నానపుకాగు కాచుకొనువారు కాగు లోపల తెల్లని సున్నపుపొర కట్టుటను ఎఱుగుదురు. రేడియేటరు సన్నగొట్టములలో అదే పొర కట్టును. అందుచేత శుద్ధజలమే వాడవలెను. అనగా బ్యాటరీలలో పోయునట్టిది. కడిగిన నీరు తేటగా వచ్చువరకు అతడు మూడుమారులు మార్చెను. కొత్తకూలెంటును రంగును బట్టి ఎన్నుకొనలేదు. రంగునకు ప్రమాణము లేదు. అల్యూమినియము తుప్పుపట్టకుండ కాపాడు రసాయనములు కొన్నిటిలో సిలికేటులు, కొన్నిటిలో సేంద్రియామ్లములు. పొసగనివానిని కలిపినచో అడ్డబంకగా చిక్కబడవచ్చును. కారుతో వచ్చు పుస్తకములో వ్రాసినదానినే అతడు తెచ్చెను.

ట్యాంకు మూతప్రక్కన చిన్న కవాటమొకటి కలదు. దానిపై తీగకొక్కెమును పైకి లేపినచో గాలి పోవుటకు దారి ఏర్పడును. అతడు కొక్కెము లేపి, హీటరును పూర్తివేడికి త్రిప్పి, సన్నధారగా కూలెంటు పోసెను. ఇంజను నడపి, మట్టము దిగినపుడెల్ల కొంచెము కొంచెముగా చేర్చెను. అరగంట గడచిన పిదప మాకు ఫోను వచ్చినది. "మామయ్యా, అంతా అయిపోయినట్టే. ముల్లు మధ్యలో గుండుసూదిలా నిలబడింది. హీటరు మాత్రం చల్లగాలి ఇస్తోంది. అది చెడిపోయిందేమో, వారం తరవాత చూస్తాను. ఇప్పుడొకసారి హైవే మీదికి తీసుకెళ్ళి వస్తా" ననెను.

మాకు నల్లమల మలుపు కన్నులకు కట్టినది. "ఆపెయ్యిరా, ఇంజను ఆపెయ్యి! బండి కదలనివ్వకు" అని మేము అరచిన అరపునకు మా యింటివారు వంటగదినుండి వచ్చి చూచిరి. ఇంజను కాగియుండగా హీటరు చల్లగాలి నిచ్చుటకు హీటరు చెడియుండనక్కరలేదు. దానిలోనికి వేడినీరు చేరుట లేదు, గాలి అడ్డుపడినది. ఇక ముల్లు మాట. నేటి అనేక కార్లలో ముల్లు నీటివేడిని ఉన్నదున్నట్లు చూపదు. నడిపించువాడు ఊరక కలతపడకుండుటకై, చాలడిగ్రీలు హెచ్చుతగ్గులైనను నడుమనే నిలుచునట్లు దానిని అమర్చుచున్నారు. మా పాతవ్యాను ముల్లు కనీసము క్రిందికి దిగి ఏదో జరిగినదని తెలిపినది.

అతడు ఇంజను ఆపి, సాయంకాలమువరకు మూత ముట్టలేదు. చల్లారిన పిదప చూడగా ట్యాంకులో మట్టము కనబడనంత దిగిపోయియుండెను. దాగిన గాలి పైకి వచ్చి, దాని తావున ద్రవము దిగినదన్నమాట. రెండు లీటర్లకు పైగా పట్టినది. మరల నడపెను, కొంతసేపటికి హీటరునుండి మొదట గోరువెచ్చగాను, పిదప ముఖము ఓర్వలేనంత వేడిగాను గాలి వచ్చినది. మరల ఆపి, మరల చల్లార్చి, మరల పోసెను. ఈమారు అరలీటరు మాత్రము పట్టినది. రాత్రి పదిగంటలకు కొక్కెమును దింపి మూత బిగించి పండుకొనెను.

మరునాడు ఉదయము అతడు ఇట్లు సందేశము పంపెను: "మట్టం గీటు దగ్గరే ఉంది. పాతనీళ్ళు డబ్బాల్లో పోసి మునిసిపాలిటీ వాళ్ళ సేకరణ కేంద్రానికి తీసుకెళ్తున్నాను. ఆ పాటల మామ్మ ఊరు పేరేమిటి మామయ్యా? ఎప్పుడూ చెప్పలేదు." చెప్పితిమి.